టపాకాయలు కట్టిన చేతుల్లో గుర్రం పుస్తకం పెట్టొచ్చా?

ఖమ్మం నుంచి రాసిన నాన్నగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండి. ఐదో క్లాసు చదివే మీవాడు దీపావళి మర్నాడు ఇంకో ముగ్గురితో కలిసి వీధిలో కుక్కపిల్ల తోకకి సీమటపాకాయలు కట్టి వెలిగించాడు, మీకు ఒళ్ళు మండి బెల్టు తీశారు, పదిరోజులైంది వాడు మీ మొహం చూడట్లేదు. మీ చెల్లెలేమో బ్లాక్ బ్యూటీ నవల కొనిచ్చి చదివించు అన్నయ్యా అంటోంది, మీ అమ్మగారేమో పిల్లాడికి ఆ ఏడుపుగొట్టు పుస్తకాలెందుకురా అంటున్నారు, ఎవరి మాట వినాలి అని కదా.

చెల్లెలి మాటే వినండి. కాకపోతే దాన్ని శిక్షలాగా మాత్రం ఇవ్వద్దు. "ఇది చదువు, నువ్వేం చేశావో తెలుస్తుంది" అని చేతిలో పెడితే వాడు మొదటి పేజీ దాటడు, నేనైనా దాటను.

1877లో ఇంగ్లండ్‌లో వచ్చిన పుస్తకం అది. రాసినావిడ అన్నా స్యూయెల్, పద్నాలుగేళ్ళప్పుడు పడి కాళ్ళకి దెబ్బ తగిలి జీవితాంతం సరిగ్గా నడవలేకపోయింది, ఎక్కడికెళ్ళాలన్నా గుర్రబ్బండే, అందుకే వాటి బాధ అంత దగ్గర్నుంచి చూసింది. ఆవిడ రాసింది ఇదొక్కటే, అదీ గుర్రాలతో పనిచేసేవాళ్ళ కోసం రాసింది, పిల్లలు తర్వాత సొంతం చేసుకున్నారు. గుర్రమే తన కథ తాను చెప్పుకుంటుంది, పల్లెటూళ్ళో పచ్చిక మైదానంలో తల్లి పక్కన పెరిగిన దగ్గర్నుంచి లండన్ వీధుల్లో అద్దె బండి లాగేదాకా. గుర్రం తల ఠీవిగా పైకి కనబడాలని కిందకి దించనీకుండా పగ్గం బిగించి కట్టేవాళ్ళు, అలాగే బండితో ఎత్తు ఎక్కాలి. అది చదివాక మీవాణ్ణి స్కూల్ బ్యాగ్ వేసుకుని గడ్డం పైకెత్తి వరండాలో పది అడుగులు నడవమనండి, మీరూ నడవండి.

నేను ఇది మీవాడికే ఎందుకు సరిపోతుందంటున్నానంటే, అందులో జో గ్రీన్ అని ఒక కుర్రాడున్నాడు. యజమానురాలికి జబ్బు చేస్తే ఆ గుర్రం రాత్రికి రాత్రి డాక్టర్ని తీసుకొచ్చి చెమటతో తడిసిపోయి వస్తుంది, గుర్రపుసాలలో కొత్తగా చేరిన జో దానికి వేడిగా ఉందనుకుని పైన దుప్పటి కప్పడు, బకెట్ నిండా చన్నీళ్ళు పెట్టేస్తాడు, పైగా అంతా బాగా చేశాననుకుంటాడు. గుర్రానికి ఊపిరితిత్తులకి జబ్బు చేసి చావుదాకా వెళ్తుంది. జో తిండి మానేసి ఏడుస్తుంటే వాళ్ళ నాన్న, తెలియక చేశాడు లెండి అంటాడు, దానికి గుర్రాల్ని చూసుకునే జాన్ అనే పెద్ద సైసుకి కోపం వచ్చి, తెలియకపోవడం చిన్న విషయమా, దుర్మార్గం తర్వాత అంత చెడ్డది అదే అంటాడు. మీవాడిది మరీ తెలియక చేసింది కాదు, కుక్కకి నొప్పి పుడుతుందని పదేళ్ళవాడికి తెలుసు, కానీ పక్కన నలుగురు నవ్వుతుంటే ఆ తెలిసింది కాస్తా ఎటో పోతుంది. అదే జో తర్వాత ఇటుకల బండి లాగలేని గుర్రాల్ని చావబాదుతున్న బండివాడికి అడ్డం వెళ్తాడు, ఆఖర్లో ఎన్నో ఏళ్ళ తర్వాత, ఎన్నో చేతులు మారి నలిగిపోయిన ఆ గుర్రాన్ని నుదుటి మీద తెల్ల మచ్చ చూసి గుర్తుపట్టేదీ వాడే. అక్కడికొచ్చినప్పుడు "చూశావా" అనకండి, ఊరుకోండి.

రాత్రి పూట మీరే చదివి వినిపించండి, ఇంగ్లీషు పాతది, చదివి తెలుగులో చెప్తూ పోతే సరి. పిల్లలకి కుదించిన పుస్తకాలైతే జో కథ తీసేశారేమో ఒకసారి చూసుకోండి. రెండో అధ్యాయంలోనే వేటలో ఓ మనిషీ, గుర్రమూ చనిపోతారు, తర్వాత జింజర్ అనే నేస్తం గుర్రం చావు ఉంది, అక్కడ వాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి. అమ్మగారికి చెప్పండి, దూడకి పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు కథ చెప్పి మనందర్నీ ఏడిపించింది ఆవిడ తరంవాళ్ళే కదా అని.

బెల్టు సంగతి. బలంలేనిదాన్ని హింసించకూడదని చెప్పడానికి మీరు బలంలేనివాణ్ణి కొట్టారు, కాబట్టి పుస్తకం కంటే ముందు వాడికి సారీ చెప్పాలి, వాడు చేసింది తప్పు కాదని కాదు, మీరు చేసింది వేరే తప్పు. మిగతా ముగ్గురూ పెద్దపిల్లలా, వీణ్ణి భయపెట్టి చేయించారా కూడా నెమ్మదిగా అడగండి. ఇలాంటివి మళ్ళీమళ్ళీ, చాటుగా చేస్తున్నా, చేసి సరదా పడుతున్నా పుస్తకాలతో సరిపెట్టకుండా పిల్లల సైకాలజిస్టుకి చూపించండి, ఎటు వెళ్ళాలో తెలీకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీనే.

ఇంకొకటి, అంత పెద్ద ఉత్తరంలో ఆ కుక్కపిల్ల ఇప్పుడెలా ఉందో ఒక్క ముక్క రాయలేదు మీరు. ఇద్దరూ కలిసి వెళ్ళి చూడండి, గాయం ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాణ్ణి మాత్రం ముట్టుకోనివ్వద్దు, నొప్పితో ఉన్న కుక్క కరుస్తుంది, కరిచినా గీరినా పావుగంట సబ్బునీళ్ళతో కడిగి ఆలస్యం చేయకుండా టీకాకి వెళ్ళాలి. అదెలా ఉందో నాకు రాయండి, వీలైతే వాడి చేత రాయించండి.