టీమ్ గేమ్‌లో నేను బాగా ఆడినా, ఓడితే నా రేటింగ్ ఎందుకు తగ్గాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఐదుగురితో ఐదుగురు ఆడే గేమ్‌లో అందరికంటే మీకే ఎక్కువ కిల్స్ (అవతలివాళ్లని చంపిన లెక్క) ఉన్నా, టీమ్ ఓడితే మిగతా నలుగురితో సమానంగా మీ పాయింట్లూ పోతున్నాయి, ఒక్కొక్కరి ఆట చూసి ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వొచ్చు. ఇస్తే ఏమవుతుందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి నేనైతే వద్దనే అంటాను.

మా ఆన్‌లైన్ గ్రూప్‌లో మాలో మేమే కస్టమ్ మ్యాచ్‌లు ఆడుకునేవాళ్లం, రేటింగ్ షీట్ చూసే పని నాది. మొదట్లో గెలుపోటములే లెక్క. తర్వాత కొందరు ఇదే గోల పెట్టి కిల్స్‌కీ డ్యామేజ్‌కీ పాయింట్లు పెట్టించారు. అంతే, సపోర్ట్, అంటే మిగతావాళ్లకి సాయం చేసే పాత్ర, ఆడేవాళ్లు కరువయ్యారు. మ్యాప్‌లో టీమ్ పట్టుకున్న చోటుని కాపలా కాయాల్సినవాడు ఎవరో సగం కొట్టిన శత్రువు మీద చివరి దెబ్బ కోసం పరిగెత్తేవాడు, మ్యాచ్ చేజారుతోందని తెలియగానే డెత్స్ (తాను చచ్చిన లెక్క) పెరగకుండా బేస్‌లో దాక్కునేవాడు. స్కోర్‌బోర్డ్‌లో మాత్రం హీరోనే! కొన్నాళ్లకి వాళ్లే వచ్చి తీసేయమన్నారు. ఓవర్‌వాచ్ అనే టీమ్ షూటింగ్ గేమ్ కూడా 2018లో డైమండ్ అనే పై ర్యాంకులోనూ, ఆపైనా ఇలాంటి వ్యక్తిగత సర్దుబాట్లు తీసేసింది.

గెలుపోటముల పద్ధతి అన్యాయంగా అనిపించడానికి అసలు కారణం వేరు, అది చాలా నెమ్మది. చెస్ కోసం అర్పాద్ ఎలో చేసిన రేటింగ్ లెక్కలో ప్రత్యర్థి కంటే 200 రేటింగ్ పాయింట్లు ఎక్కువున్నవాడు వంద ఆటల్లో (గెలుపుకి ఒకటి, డ్రాకి అర చొప్పున) దాదాపు 76 తెచ్చుకోవాలి. అదే మీరు మిగతా తొమ్మిది మంది కంటే 200 ఎక్కువ అనుకోండి, మీ టీమ్ సగటు పెరిగేది 40 మాత్రమే, సగటునే టీమ్ బలంగా తీసుకుంటే గెలిచే అవకాశం 56 శాతం దగ్గర ఆగిపోతుంది. అంటే నిజంగా మీరు మెరుగైన ప్లేయరే అయినా వందలో 44 మ్యాచ్‌లు ఓడిపోతారు, వాటిలో వరసగా ఐదారు ఓడిన రాత్రులు కూడా ఉంటాయి, ఆ రాత్రే మనం వచ్చి ఇలాంటి ప్రశ్నలు రాస్తాం.

మైక్రోసాఫ్ట్ వాళ్లు తమ ఆన్‌లైన్ గేమింగ్ సర్వీస్ ఎక్స్‌బాక్స్ లైవ్ కోసం చేసిన ట్రూస్కిల్ అనే రేటింగ్ పద్ధతి కూడా ఈ మాటే చెబుతుంది. ఒకరితో ఒకరు ఆడితే మీ స్థాయి పట్టుకోవడానికి సుమారు 12 మ్యాచ్‌లు చాలు, నలుగురేసి ఉన్న రెండు టీమ్‌లైతే 46, ఎనిమిదేసి మందైతే 91 కావాలని వాళ్ల అంచనా. అందుకే అది రేటింగ్‌తో పాటు ఆ రేటింగ్ మీద తనకెంత అనుమానం ఉందో కూడా రాసుకుంటుంది. కొత్త ప్లేయర్‌కి అనుమానం ఎక్కువ కాబట్టి నంబర్ ఎగిరెగిరి పడుతుంది, ఆడేకొద్దీ కుదురుకుంటుంది. ఐదుగురితో ఐదుగురు ఆడే డోటా 2 గేమ్ కూడా 2023లో ఇలాంటి ఆలోచనే ఉన్న గ్లికో అనే రేటింగ్ పద్ధతికి మారింది. అనుమానం సంగతి చూపించకుండా ఒక్క నంబర్ మొహాన పడేసే గేములంటే నాకు చిరాకు, సగం టెన్షన్ అక్కడే పుడుతుంది.

వ్యక్తిగత లెక్కలు బొత్తిగా పనికిరావని కాదు. 2018లో వచ్చిన ట్రూస్కిల్ 2 కిల్స్, డెత్స్, మధ్యలో వదిలేసి పోయే అలవాటు, స్క్వాడ్‌గా వచ్చారా లేదా అన్నవి కూడా చూస్తుంది, హేలో 5 అనే షూటింగ్ గేమ్‌లో ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పడం 52 శాతం నుంచి 68 శాతానికి పెరిగిందని మైక్రోసాఫ్ట్ వాళ్లే రాశారు. స్మర్ఫ్‌లని, అంటే కొత్త అకౌంట్‌తో కింది స్థాయిలో ఆడే ఆరితేరినవాళ్లని, త్వరగా పైకి తోసెయ్యడానికి, మొదటి కొన్ని మ్యాచ్‌లలో అంచనాకి ఇది బాగుంటుంది. తర్వాత కూడా దాని బరువు పెద్దగా ఉంచితే మాత్రం జనం స్కోర్‌బోర్డ్ కోసమే ఆడతారు.

ఇక "నాకే ఎప్పుడూ చెత్త టీమ్ వస్తుంది" అన్న మాట. మీ పక్కన ఖాళీలు నాలుగే, అవతల ఐదు. మీరు రోజూ ఏఎఫ్‌కే అయ్యే (మ్యాచ్ మధ్యలో ఆడకుండా పక్కకి పోయే) రకం కాకపోతే అలాంటివాడు అవతల పడే అవకాశమే కాస్త ఎక్కువ.

ఒక ఇబ్బంది మాత్రం నిజం. ఎప్పుడూ ఒకే ఫ్రెండ్‌తో డుయోగా (జంటగా) ఆడితే ఇద్దరిలో ఎవరు కారీ చేస్తున్నారో, అంటే ఎవరి ఆట వల్ల గెలుస్తున్నారో, గెలుపోటములను బట్టి ఏ లెక్కా తేల్చలేదు, ఇద్దరి ఫలితాలూ ఒకటే కదా. మా షీట్‌లో విడిపోని జంట ఒకటి ఉండేది, టీమ్‌లు కలిపేసి పంచడం మొదలుపెట్టాకే వాళ్లిద్దరి మధ్య తేడా బయటపడింది, అదీ వాళ్లు అనుకున్నదానికి రివర్స్‌లో. కాబట్టి డుయో మ్యాచ్‌లు పక్కనపెట్టి, ఒకే రోల్‌లో (పాత్రలో) ఓ వంద సోలో మ్యాచ్‌లు ఆడి అప్పుడు గెలుపు శాతం చూడండి. యాభైకి ఏమాత్రం పైనున్నా మీ రేటింగ్ పైకే వెళ్తూ ఉంటుంది, కిల్స్ బోలెడున్నా యాభైకి బాగా కిందుంటే ఆ కిల్స్ ఎప్పుడు, మ్యాప్‌లో ఏ మూల వస్తున్నాయో రీప్లేలో చూడాల్సిందే.