బ్రిటిష్ బానిసత్వాన్ని రద్దు చేయించింది విల్బర్‌ఫోర్స్ ఒక్కరే కాదు

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని ఎవరు రద్దు చేయించారని అడిగారు. పుస్తకాల్లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ పేరు ఒక్కటే కనిపిస్తోంది, ఆ జవాబు సరిపోతుందా అన్నది మీ సందేహం. సరిపోదు. ఇందులో నాకు అనుమానమే లేదు.

నేను ఉండేది ఇంగ్లండులోని లెస్టర్‌లో. బానిసత్వం రద్దు కోసం పోరాడిన ఎలిజబెత్ హేరిక్ ఈ ఊరి మనిషే. 1769లో పుట్టారు, చిన్న వయసులోనే భర్త పోయారు, పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికారు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో చేరారు. 1807 చట్టం బానిసల వ్యాపారాన్నే ఆపింది. అప్పటికే కరీబియన్ దీవుల్లో ఉన్నవాళ్లు, వాళ్లకు పుట్టే పిల్లలు బానిసలుగానే మిగిలిపోయారు. 1823లో లండన్ పెద్దమనుషులు పెట్టుకున్న సంఘం పేరులోనే ‘క్రమక్రమంగా రద్దు’ అని ఉంది. మరుసటి ఏడాది హేరిక్ తన పేరు వేసుకోకుండా ఒక కరపత్రం అచ్చు వేయించారు. క్రమక్రమంగా కాదు, వెంటనే కావాలన్నారు. ఆ దీవుల్లోని చెరకు తోట యజమాని దొంగ అయితే, అతని చక్కెర కొనేవాళ్లు దొంగసొత్తు కొనేవాళ్లన్నది ఆవిడ వాదన. రాసి ఊరుకోలేదు. సుసానా వాట్స్ అనే స్నేహితురాలితో కలిసి లెస్టర్ వీధుల్లో ఇంటింటికీ తిరిగారు, వెస్టిండీస్ చక్కెర కొనవద్దని గృహిణులను, అమ్మవద్దని దుకాణదారులను అడిగారు.

దీనికి విల్బర్‌ఫోర్స్ ఏమన్నారో తెలుసా? ఆడవాళ్లు సమావేశాలు జరపడం, అచ్చు వేయడం, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కదిలించడం స్త్రీలకు తగిన పని కాదని 1826లో ఒక ఉత్తరంలో రాశారు. ఆయన గొప్పతనం గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లు ఈ ఒక్క వాక్యాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. మా అమ్మాయి బడిలో ఇచ్చిన కాగితాల్లోనూ ఆయన బొమ్మే ఉంది. సొంత ఊరి బడిలోనే హేరిక్ ఊసు లేదు!

ఆడవాళ్లు మాత్రం ఆగలేదు. ఊరూరా మహిళా సంఘాలు పుట్టాయి, చందాలు పోగయ్యాయి. ‘క్రమక్రమంగా’ అన్న మాట తీసేస్తే తప్ప డబ్బు పంపేది లేదని 1830లో బర్మింగ్‌హామ్ మహిళా సంఘం తేల్చి చెప్పింది. ఆ ఏడాది మే నెలలోనే లండన్ సంఘం ఆ మాట తీసేసింది. ఓటు హక్కు లేని స్త్రీలు 1833లో పార్లమెంటుకు పంపిన ఒక్క అర్జీ మీద 1,87,000 సంతకాలు ఉన్నాయి. వీళ్లు లేకపోతే రద్దుకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టేదని నా గట్టి నమ్మకం.

వీళ్లకంటే ముందు చెప్పాల్సింది బానిసల గురించే. 1831 క్రిస్మస్ మరునాళ్లలో జమైకాలో శామ్యూల్ షార్ప్ అనే బాప్టిస్టు చర్చి సేవకుడి (డీకన్) నాయకత్వంలో వేలాది మంది కూలి ఇస్తేనే పని చేస్తామని ఎదురు తిరిగారు. తోటలు తగలబడ్డాయి. తిరుగుబాటును అణిచాక వందల మందిని ఉరి తీశారు. 1832 మేలో షార్ప్‌నూ ఉరి తీశారు. ఏడాది తిరిగేసరికి, 1833లో, బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. బానిసత్వాన్ని ఉంచితే దీవులే చేజారిపోతాయని లండన్‌కు భయం పుట్టించింది ఆ మంటలే.

నాకు ఈ చరిత్ర మీద ఇంత పట్టుదల కలగడానికి కారణం మా అమ్మ. అమ్మది అనకాపల్లి దగ్గర ఊరు, చెరకు తోటల మధ్య పెరిగింది. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ నీలిరంగు గాజుతో చేసిన చక్కెర గిన్నె ఉంది, దాని మీద బంగారు అక్షరాలు. ఏం రాశారని అడిగితే చదివి తెలుగులో చెప్పాను: ‘ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసినది కాదు.’ ఉద్యమంలో ఉన్నవాళ్లు అతిథులకు కనిపించేలా బల్ల మీద పెట్టుకున్న గిన్నె అది. అమ్మ కళ్లజోడు సవరించుకుని అద్దం మీదికి వంగి చాలాసేపు చూసింది. “మన దేశంలో చెరకు నరికినవాళ్లకు కూలి ముట్టిందని వీళ్లకెవరు చెప్పారే?” అంది.

అక్కడే నిలబడి తాతయ్య ఇంటి పాలికాపు సంగతి చెప్పింది. అతని తండ్రి పెళ్లి కోసం తీసుకున్న అప్పుకు బదులుగా మీసాలు రాకముందే పనిలో చేరాడట. బెల్లం వండే రోజుల్లో రాత్రంతా పెనం దగ్గరే ఉండేవాడట. పాకం చిట్లి మోచేతుల దాకా కాలిన మచ్చలు, తెల్లగా, చిన్న చిన్నగా. పద్దు పుస్తకంలో అప్పు మాత్రం ఏ ఏడాదీ తరగలేదట. “మా నాన్న చెడ్డవాడు కాదు, కానీ ఆ పుస్తకం మూసేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు” అంది అమ్మ. వెనక వచ్చినవాళ్లు మమ్మల్ని దాటుకుని వెళ్తున్నారు. అమ్మ కదల్లేదు.

అమ్మ అడిగింది సరైన ప్రశ్న. 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు వర్తించదని ఆ చట్టంలోనే రాసి ఉంది. మన దేశంలోని బానిసత్వం మీద చట్టం 1843లో గాని రాలేదు. అది కూడా ముఖ్యంగా బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవనే చెప్పింది. మనిషిని బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. అప్పు పేరుతో సాగే వెట్టిని దేశమంతటా నిషేధించే చట్టానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది. అయినా ఆ గిన్నె పెట్టుకున్న ఆడవాళ్లను నేను తప్పుపట్టను. తాము తినే తీపి ఎవరి చేతుల మీదుగా వస్తోందో వాళ్లు అడిగారు. వాళ్ల మగవాళ్లలో ఎక్కువమంది అది కూడా అడగలేదు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది నష్టపరిహారం. సుమారు 8 లక్షల మందిని విడుదల చేస్తూ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, యజమానులకు! బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా 1834 ఆగస్టు 1న విడుదలన్నారే గాని, ఆరేళ్లు నిండిన వాళ్లలో దాదాపు అందరినీ ‘అప్రెంటిస్’ పేరుతో పాత యజమానుల దగ్గరే ఉంచారు. వారానికి 45 గంటల దాకా జీతం లేని చాకిరీ. అది 1838లో గాని ముగియలేదు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు 2015లో తీరింది. అప్పటికే ఇక్కడ ఉద్యోగం చేస్తున్న నా జీతంలోంచీ ఆ పన్ను పోయింది. ఈ సంగతి తెలిసిన రోజు కోపంతో నిద్ర పట్టలేదు.

విడుదలైనవాళ్లు వదిలిన తోటల్లోకి ఎవరిని దింపారో కూడా చూడండి. మారిషస్‌కు ఒప్పంద కూలీలుగా మనవాళ్లనే ఓడలెక్కించారు. కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ ‘కొరింగీలు’ అన్న పేరే పడిపోయింది.

మీరు అడిగింది పిల్లల హోంవర్కు కోసమైతే విల్బర్‌ఫోర్స్ పేరు కొట్టేయకండి, దశాబ్దాల పాటు పార్లమెంటులో పోరాడారు. కానీ ముందు శామ్యూల్ షార్ప్ పేరు, తర్వాత ఎలిజబెత్ హేరిక్ పేరు రాయించి, ఆ తర్వాత ఆయన పేరు రాయించండి. మార్కులు తగ్గిస్తే, 1826 నాటి ఆ ఉత్తరం చదివారా అని టీచర్‌ను అడగమనండి.