మోకాళ్ళ నొప్పులతో కొండ మీది ఊరికా?

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలో, మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మమ్మల్నిద్దరినీ రమ్మంటున్నాడు. సిటీలు వద్దట, సివిటా ది బాన్యోరెజో అనే కొండ మీది పాత ఊళ్ళో వారం ఉందామంటున్నాడు. నాకు 63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా ముట్టం. పుట్టి బుద్ధెరిగాక ఏటిగట్టు తప్ప ఎత్తెక్కింది లేదు. అంత దూరం వెళ్ళి చూడ్డానికి అక్కడేముందండీ?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఏటిగట్టు మాట చదివి నవ్వొచ్చిందండీ. నాదీ పాలకొల్లే. నాకు ఎత్తంటే మా డాబా మెట్లు. మూడేళ్ళ కిందట మా అమ్మాయి నన్ను ఆ సివిటాకే లాక్కెళ్ళింది.

ఊరంతా ఒక బండ మీద ఉంటుంది. కార్లు వెళ్ళవు. 1965లో కట్టిన కాలినడక వంతెన ఒక్కటే దారి, సుమారు 300 మీటర్లు. ముందు హాయిగానే ఉంటుంది, చివర్లో బాగా ఏటవాలు. అక్కడ నేను రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతుంటే, ఫొటో దిగుతున్నాననుకుని వెనకాలవాళ్ళు మర్యాదగా ఆగిపోయారు! లోపలికి వెళ్ళడానికి టికెట్టు కూడా ఉంది. ఒక ఊళ్ళోకి వెళ్ళడానికి టికెట్టేమిటని నేను గొణుక్కున్నమాట నిజం.

ఏముందక్కడ అన్నారు కదా. మనలాంటి గోదారివాళ్ళకి ఇంకొంచెం ఎక్కువే ఉంది. 2,500 ఏళ్ళ కిందట ఎట్రుస్కన్లు, అంటే రోమన్లకంటే ముందు అక్కడ ఏలినవాళ్ళు, వేసిన ఊరది. పైన అగ్నిపర్వతం బూడిద గట్టిపడిన రాయి, దాని కింద బంకమన్ను. రెండు పక్కలా వాగులూ, వానలూ ఆ మన్నుని తొలిచేస్తుంటే పైరాయి పెళ్ళలుగా విరిగిపడుతోంది. మన లంకల్లో కోత ఎలాగో, ఇదీ అలాగే. మా మేనత్తగారి కొబ్బరితోట రెండెకరాలు ఏట్లో కలిసిపోయింది. ఆవిడ రేవులో నిలబడి, పోయిన సరిహద్దుని నీళ్ళ మీద వేలితో చూపించేది. సివిటాలో ఒక పాతమేడకి ముందుగోడ, కిటికీలు ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే గది లేదు, ఆకాశం ఉంది. మా అమ్మాయి ఫొటోలు తీసుకుంటుంటే నాకు అత్తయ్య వేలే గుర్తొచ్చింది. 1695 భూకంపం తర్వాత బిషప్‌తో సహా చాలామంది వంతెనకి అవతల ఉన్న బాన్యోరెజో ఊరికి వెళ్ళిపోయారు. ఇప్పుడు ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు పదిమందికి అటూఇటూ. ఇటాలియన్లే దాన్ని ‘చచ్చిపోతున్న ఊరు’ అంటారు.

కానీ వారం ఉండడం మాత్రం వద్దండీ. నాలుగు గంటల్లో ఊరు చూడడం అయిపోతుంది, తర్వాత మీ మోకాళ్ళు, వంతెన మిగులుతాయి. దగ్గర్లో ఓర్వియెతో ఉంది. అదీ అలాంటి రాయి మీద కట్టిన పాత ఊరే, కానీ పెద్దది. రైలు స్టేషన్ ఎదురుగానే కొండెక్కించే ఫ్యునిక్యులర్ బండి ఉంటుంది, మెట్ల బాధ లేదు. అక్కడ గది తీసుకుని, ఒకరోజు బస్సులో బాన్యోరెజో వెళ్ళి, అక్కణ్ణించి సివిటా చూసి రండి. ఆదివారం బస్సుల్ని నమ్ముకోకండి. ఓర్వియెతోలో ఒక లోతైన బావి ఉంది, ఒకప్పుడు నీళ్ళకోసం దిగే గాడిదలూ ఎక్కే గాడిదలూ ఎదురుపడకుండా రెండు వరసల మెట్లు, వరసకి 248. మీవారిని పంపించి మీరు పైన కూర్చోండి.

తిండి దగ్గర కాస్త జాగ్రత్త. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో చాలాచోట్ల గుడ్డుంటుంది, ఎండు స్పగెటీలో మామూలుగా ఉండదు. ‘సెంజా కార్నె, సెంజా ఉవోవా’ అనండి: మాంసం లేకుండా, గుడ్డు లేకుండా అని. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి వేసిన స్పగెటీ అడిగితే దాదాపు ఎక్కడైనా చేసిపెడతారు. సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు పోస్తారేమో అడగండి. పార్మెజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసే పదార్థంతో విరగ్గొడతారు, మీకు పట్టింపు ఉంటే వద్దనండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడున్నరకే. నేను మూడింటికి వెళ్ళి, సంచిలోని జంతికలతో సరిపెట్టుకున్నాను.

చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ వీధుల్లో గోల చేస్తుంది, చిన్నది పట్టుకెళ్ళండి. మోకాలి పట్టీ మాత్రం సూట్‌కేసులో కాదు, చేతిసంచీలో.