జూడో వచ్చినవాళ్లకి ఎస్క్రిమా: కర్ర దెబ్బ నుంచి కలబాటు దాకా

మీరు అడిగినవి రెండు. కొన్నేళ్లుగా జూడో చేస్తున్నారు, ఇప్పుడు ఫిలిప్పీన్స్ వాళ్ల కర్రల యుద్ధవిద్య ఎస్క్రిమా క్లాసులో చేరాలనుకుంటున్నారు. వీడియోల్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రెండేసి కర్రలతో టకటకా లయగా కొట్టుకుంటుంటే కోలాటంలా ఉంది, నిజం స్పారింగ్‌లో, అంటే ముందే అనుకోకుండా కొట్టుకునే సాధన పోరులో, అది పనికొస్తుందా అన్నది మొదటిది. ఇన్నాళ్లు నేర్చుకున్న జూడో ఇక్కడ వృథా అయిపోతుందా అన్నది రెండోది.

ముందు రెండోదానికి చెప్తాను. వృథా కాదు, మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి అదే. కర్రలు పట్టుకున్న ఇద్దరు మొహమాటం లేకుండా కొట్టుకోవడం మొదలుపెడితే, కొద్ది సెకన్లలోనే ఒకరి మీదికి ఒకరు వచ్చేస్తారు. దూరంగా ఉన్నప్పటి దెబ్బలాట ఒక ఎత్తు, ఆ దూరాన్ని దాటి మనిషిని పట్టుకునే క్షణం ఒక ఎత్తు. చాలా క్లాసుల్లో మొదటిది చక్కగా నేర్పిస్తారు, రెండోదాన్ని గాలికి వదిలేస్తారు. నా దృష్టిలో ఆ రెండోది సాధన చెయ్యనివాడికి ఎస్క్రిమా సగమే వచ్చినట్టు.

నేను మెడిసిన్ చదివింది ఫిలిప్పీన్స్‌లోని సెబూలో. మన తెలుగువాళ్లు చాలామంది అక్కడా, దావావోలోనూ, మనీలాలోనూ చదువుతుంటారు కదా. హాస్టల్‌కి దగ్గర్లో ఒక పెద్దాయన ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద సాయంత్రాలు నేర్పేవారు. చదువు అయ్యేదాకా అక్కడే చేశాను. ఇప్పుడు ఇక్కడ ఎముకల డాక్టరుగా పని చేస్తూ, వారాంతాల్లో కొంతమంది మిత్రులతో స్పారింగ్ సాగిస్తున్నాను. కాబట్టి కొంత ఆటగాడిగా, కొంత డాక్టరుగా చెప్తాను.

ఈ విద్యని మనీలా ఉన్న లుజోన్ దీవిలో ఎక్కువగా అర్నిస్ అంటారు, సెబూ ఉన్న విసాయాస్ దీవుల్లో ఎస్క్రిమా అంటారు. కాలీ అన్న మాట అమెరికాలో బాగా వాడుకలోకి వచ్చింది. 2009లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి అర్నిస్‌ని జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. సెబూ ఈ విద్యకి పెద్ద కేంద్రం. కాన్యేటే కుటుంబం పేరుతో ముడిపడిన డోసే పారెస్ అనే సంఘం 1932లో అక్కడే పుట్టింది. అందులోంచి బయటికి వచ్చిన వెనాన్సియో బాకోన్ 1952లో బాలింతావాక్ పద్ధతి మొదలుపెట్టారు. ఒకే కర్ర, బాగా దగ్గరి దూరం, ఎడమచేతికి పెద్ద పని, ఇదీ ఆ పద్ధతి. ఇక మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన మనిషి సిరియాకో కాన్యేటే. అందరూ కాకోయ్ అని పిలిచేవారు. 1919లో పుట్టి 2016 దాకా బతికిన ఆ మహానుభావుడు ఎస్క్రిమాతో పాటు జూడో, జుజుత్సు, ఐకిడో కూడా నేర్చుకుని, వాటిని కర్రతో కలిపి ఎస్క్రిడో అని పేరు పెట్టారు. కర్రనే ఆసరాగా చేసుకుని మోచేతినీ మెడనీ లాక్ చేసి పడగొట్టడం అందులో ముఖ్యం. అంటే మీరు అనుకుంటున్న కలయిక సెబూలో ఎప్పుడో జరిగిపోయింది.

ఇప్పుడు ఆ కోలాటం సంగతి. దాన్ని సినావాలి అంటారు. అది పోరాటం కాదు, పోరాటమని మంచి గురువు ఎవరూ చెప్పరు కూడా. ఎడమచేతిని కుడిచేతితో సమానంగా పనిలో పెట్టడానికి, మణికట్టు బిగుసుకోకుండా ఉండటానికి, కళ్ల ముందు కర్ర ఊగుతున్నా రెప్ప వెయ్యకుండా ఉండటానికి అది పనికొస్తుంది. ఆ మేరకు చాలా విలువైనది. కాకపోతే ఇందులో ఎదుటివాడు ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వేస్తాడో మీకు ముందే తెలుసు. స్పారింగ్‌లో తెలియదు. ఈ మధ్యలో ఒక వంతెన కావాలి. బాలింతావాక్‌లో దానికి అగాక్ అనే పద్ధతి ఉంది. గురువు ఒక్కొక్క దెబ్బే వేస్తూ, శిష్యుడు కాచుకుని తిరిగి కొడుతుంటే, మెల్లగా వరస మార్చేస్తాడు, వేగం మార్చేస్తాడు, మధ్యలో ఎడమచేత్తో మన చెయ్యి లాగుతాడు, భుజం తోస్తాడు. మా పెద్దాయన ఇలా చేసేటప్పుడు నోటితో "హినాయ్ హినాయ్" అంటూనే ఉండేవారు, మెల్లగా మెల్లగా అని. కర్ర మాత్రం మన చెవి పక్కన వచ్చి ఆగేది. మీరు చేరబోయే క్లాసులో లయ చెడగొట్టే సాధన ఉందా లేదా అన్నది మొదటి రోజే గమనించండి. ఎన్ని డ్రిల్స్ నేర్పుతారన్నదానికంటే ఇది ముఖ్యం.

స్పారింగ్ మొదలయ్యాక మొట్టమొదట తెలిసొచ్చేది ఏమిటంటే, దెబ్బలన్నీ చేతికే తగులుతాయి. తలకి కాదు, పక్కటెముకలకి కాదు, కర్ర పట్టుకున్న వేళ్లకి. ఎదుటివాడి శరీరంలో మీకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది అదే కాబట్టి. చేతిని కొడితే ఆయుధం పడిపోతుంది, పాము కోరలు పీకినట్టే అంటారు అక్కడివాళ్లు. మాకు కొన్ని రౌండ్లు చెయ్యి తప్ప ఇంకేదీ కొట్టకూడదని నియమం పెట్టేవారు. ముందు కాస్త విసుగ్గా ఉంటుంది. కానీ దూరం అంటే ఏమిటో నేర్పించే రౌండ్లు అవే. అవతలివాడి కర్ర మీ వేళ్లకి అంగుళం దూరంలో పోయేలా నిలబడటం, అది పోయిన మరుక్షణం మీ కర్ర వాడి మణికట్టు మీద పడటం, ఈ రెండూ కలిస్తే ఒంటికి ఒక లెక్క పట్టుబడుతుంది.

డాక్టరుగా ఒక మాట. కర్ర వస్తుంటే మనిషి సహజంగా ముంజేయి అడ్డం పెడతాడు. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఉండే ఎముక అల్నా, దాని మీద కండ చాలా తక్కువ. ఆ దెబ్బకి అదొక్కటే విరిగితే మా పుస్తకాల్లో నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. పోలీసు లాఠీ దెబ్బకి అడ్డం పెట్టిన చెయ్యి విరగడం వల్ల వచ్చిన పేరది. కరాటేలో నేర్చుకున్న ముంజేతి అడ్డం ఇక్కడ పనికిరాదు. కర్రని కర్రతో కాచుకోవాలి, లేదా పక్కకి తప్పుకోవాలి, లేదా లోపలికి దూసుకుపోవాలి.

ఆ లోపలికి దూసుకుపోవడమే అసలు విషయం. సాధారణంగా కర్ర ఇరవై ఎనిమిది అంగుళాల పేము బెత్తం, అంగుళం అటూఇటూ లావు. దాని దెబ్బంతా చివరి కొద్ది అంగుళాల్లోనే ఉంటుంది. ఆ చివర దాటి లోపలికి వచ్చేస్తే అదే కర్ర సగం బలంతో కూడా కొట్టలేదు. కాబట్టి ఉండాల్సిన చోట్లు రెండే, పూర్తిగా బయట, లేదంటే పూర్తిగా లోపల. వాళ్ల భాషలో లార్గో, కోర్తో. మధ్యలో మెడియో అని ఒకటుంది, అక్కడ ఎక్కువసేపు నిలబడితే ఇద్దరికీ దెబ్బలే. ఎప్పుడు లోపలికి వెళ్లాలి అంటే, వాడి కర్ర మీ ముందు నుంచి దాటిపోయి ఇంకా వెనక్కి తిరగనప్పుడు. లేదా మీ దెబ్బ వాడి చేతికి తగిలి వాడు ఒక్క క్షణం ముడుచుకున్నప్పుడు. ఈ రెండూ కాకుండా ఉత్త ధైర్యంతో తల వంచుకుని పరిగెత్తితే నడినెత్తి మీద పడుతుంది.

లోపలికి వచ్చాక మొదలయ్యేదే డుమోగ్, విసాయాస్ వాళ్ల కుస్తీ. ఇక్కడ మీరు కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. జూడోలో పట్టు అంతా బట్ట మీద, కాలరు, చొక్కా చెయ్యి. సెబూ ఉక్కపోతలో అందరం చేతుల్లేని బనీన్లతో చేసేవాళ్లం, ఒళ్లంతా చెమట, పట్టుకోవడానికి బట్టే ఉండదు. పట్టు మెడ వెనక, మోచేతి పైన, మణికట్టు దగ్గర. మా పెద్దాయన పొట్టి మనిషి, నా భుజం దాకా వచ్చేవారు. ఆయన ఎడమ అరచెయ్యి నా మెడ వెనక పడేది, కుడిచేతిలో కర్ర అలాగే ఉండగా దాని పిడి చివర, అంటే పున్యో, నా కుడి మోచేతి వంపులో కొక్కెంలా దిగేది. లాగడం కూడా నిటారుగా కాదు, ఐమూలగా, తన వెనక్కి ఒక అడుగు వేస్తూ. తల ఎటు తిరిగితే నడుము అటే పోతుంది. నా కర్ర అప్పటికీ నా చేతిలోనే ఉండేది, కానీ దాని చివర నేల వైపు చూస్తూ ఎందుకూ కొరగాకుండా ఉండేది. బలంతో లాగినట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు.

మీ జూడోలో ఏవి పనికొస్తాయో నా అనుభవంలో చెప్తాను. ఓసోతో గారి, అంటే వాడి కాలిని వెనక నుంచి ఊడ్చి వెనక్కి పడగొట్టేది, అద్భుతంగా కుదురుతుంది, ఎందుకంటే వాడి కర్ర చెయ్యి బయటికి తోసేసి ఆ పక్కనే అడుగు పెడతాం. కాళ్లు ఊడ్చేవి కూడా. ఇప్పోన్ సెయోయి నాగే లాంటి, వీపు తిప్పి ఎత్తి వేసేవి మాత్రం ఆలోచించి చెయ్యండి. మీరు తిరిగిన ఆ అరక్షణంలో వాడి కర్ర చెయ్యి మీ పట్టులో లేకపోతే పున్యో మీ తల వెనక పడుతుంది. ఇంకొకటి, రెండు చేతులతో పట్టాలన్న ఆత్రంలో మీ కర్ర కిందికి జారిపోతుంది. పట్టుకునే పని ఎడమచేతికి ఒక్కదానికే అప్పగించండి. జూడో నుంచి వచ్చినవాళ్లకి దీనికే నెలలు పడుతుంది. వచ్చాక మాత్రం ఉత్త కర్రవాళ్లెవరూ మీ దగ్గర నిలబడలేరు.

ఇదంతా నేనొక్కడినే చెప్తున్న మాట కాదు. కాలిఫోర్నియాలో డాగ్ బ్రదర్స్ అనే బృందం 1980లలో ఫెన్సింగ్ మాస్కు, పల్చటి గ్లవ్స్ మాత్రమే పెట్టుకుని నిజం బెత్తాలతో పూర్తి బలంతో పోరాడి చూసింది. పోరు మళ్లీ మళ్లీ క్లించ్‌లోకి, అంటే నిలబడే ఒకరినొకరు పట్టుకునే స్థితికి, అక్కణ్నుంచి నేల మీదికి వెళ్లడం చూసి వాళ్లు బ్రెజిలియన్ జుజుత్సు నేర్చుకుని కలుపుకున్నారు. దీనికి భిన్నంగా, 1989లో మొదలైన, వెకాఫ్ అనే అంతర్జాతీయ ఎస్క్రిమా సంఘం పోటీల్లో దట్టమైన కవచం, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ వేసుకుంటారు. దమ్ముకీ వేగానికీ మంచి పరీక్ష అది, నాకు గౌరవమే. కానీ కవచం మీద నమ్మకంతో ఇద్దరూ మెడియోలో నిలబడి దెబ్బలు లెక్కచెయ్యకుండా బాదుకోవడం అలవాటవుతుంది. ఆ అలవాటు కవచం లేనిచోట ప్రమాదం.

మీరు ఎలా మొదలుపెట్టాలంటే, స్పాంజి చుట్టిన కర్ర, ఫెన్సింగ్ మాస్కుతో ముందు మెల్లగా. తర్వాత నిజం బెత్తంతో చేతి రౌండ్లు. ఆ తర్వాత, చాలామంది వదిలేసేది ఇదే, ఇద్దరూ ముందే పట్టుకుని నిలబడి, చేతుల్లో కర్రలతో అక్కణ్నుంచి రౌండ్ మొదలుపెట్టండి. దూరం దాటే పని లేకుండా కలబాటు ఒక్కటే సాధన అవుతుంది. ఆ తర్వాతే అన్నీ కలిపి. ఫెన్సింగ్ మాస్కుకి తల వెనక రక్షణ ఉండదు, కాబట్టి వెనక కొట్టడం నిషేధమని ముందే గట్టిగా అనుకోండి. కర్ర గొంతుకి అడ్డంగా పెట్టి నొక్కేటప్పుడు ముంజేత్తో పట్టే చోక్‌లా నెమ్మదిగా పోదు వ్యవహారం, గొంతులోని మృదులాస్థి మీద నేరుగా పడుతుంది. ట్యాప్ చేసేదాకా ఆగకండి, తాకగానే వదిలెయ్యండి.

బెత్తం సంగతి. పేము కుర్చీలు అల్లే దుకాణాల్లో అడిగితే సరైన లావులో దొరుకుతుంది, నేను అలాగే తెచ్చుకుంటున్నాను. పైతొక్క ఉన్నదే తీసుకోండి. పేము పగిలి ముక్కలై ఎగరదు, నారలా చీలికలు పేలికలవుతుంది, అందుకే స్పారింగ్‌కి అదే వాడతారు. కొత్తవి రెండు గట్టిగా తగిలితే కాలిన వాసన వస్తుంది, భయపడకండి. కమాగోంగ్ లాంటి గట్టి చెక్క కర్రలు అందంగా ఉంటాయి, మనుషుల మీద మాత్రం ఎత్తొద్దు. మన కర్రసాము కర్రలు కూడా దీనికి కుదరవు, అవి మనిషెత్తు పొడవు, రెండు చేతుల పని. కర్రసాము చేసినవాళ్లకి అడుగులూ మణికట్టూ మాత్రం త్వరగా వస్తాయి, మా బృందంలో ఒకాయన్ని చూస్తున్నాను.

డబ్బు పెట్టాల్సి వస్తే మాస్కు తర్వాత గ్లవ్స్ మీదే పెట్టండి, బొటనవేలికి విడిగా గట్టి కవచం ఉన్నవి. ఇక పడటం. మీకు ఉకేమీ, అంటే దెబ్బ తగలకుండా పడే జూడో పద్ధతి, వచ్చు కాబట్టి ధీమాగా ఉంటారు, కానీ పిడికిట్లో కర్ర ఉన్నప్పుడు నేలని అరచేత్తో చరచలేరు, చాలామంది ఆ పిడికిలే కింద ఆన్చేస్తారు. కర్ర వదిలేసి పడటం కూడా విడిగా సాధన చెయ్యండి. ఎప్పుడైనా చెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే చిన్న గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, అది స్కేఫాయిడ్ ఎముక కావచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఆ చీలిక చాలాసార్లు కనబడదు. ఏమీ లేదన్నారని మళ్లీ కర్ర పట్టకండి. నొప్పి ఉన్నంతకాలం కట్టు ఉంచుకుని, పది నుంచి పధ్నాలుగు రోజుల్లో ఇంకోసారి ఎక్స్‌రే తీయించుకోండి.