300 అడుగుల బోరు ఎండితే 800 అడుగులకు దించాలా?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. పొలంలో 300 అడుగుల బోరు వేస్తే మొదట్లో రెండించుల నీళ్లు పడ్డాయి. ఇప్పుడు ఎండాకాలంలో మోటారు వేసిన కాసేపటికే గాలి కొడుతోంది. బోరుబండి వాళ్లు 800 అడుగులకు దించమంటున్నారు. కొత్తగూడెం జిల్లాలో గోదావరి వైపున్న మా వియ్యంకుడి చేలో మాత్రం మోటారు లేకుండానే బోరు పొంగుతోంది. భూమిలో నీటి పొరలు ఎన్ని రకాలు మేడమ్? మాకే ఎందుకిలా?
– ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: బోరుబండి వాళ్ల మాట పట్టుకుని అప్పు మాత్రం చేయకండి. మిగతాది తర్వాత.

నీటి పొర గురించి భూగర్భ జల నిపుణులం మేం రెండు విషయాలు అడుగుతాం: అది ఏ రాయి, దాని పైన ఏముంది? రాయిని బట్టి కేంద్ర భూగర్భ జల మండలి మన దేశంలోని పొరలను 14 ప్రధాన రకాలుగా, వాటిని మళ్లీ 42గా విడదీసింది. ఒండ్రు, ఇసుకరాయి, సున్నపురాయి, బసాల్ట్, గ్రానైట్ అందులోవే. పైన అడ్డేమీ లేక వాన నేరుగా ఇంకితే అది అపరిమిత పొర. పాత బావిలో కనిపించే మట్టం దానిదే. పైనా కిందా నీరు దిగని బంకమట్టి బిగిస్తే పరిమిత పొర. ఆ బంకమట్టి కొద్దికొద్దిగా నీరు వదిలితే పాక్షిక పరిమిత పొర.

గోదావరి లోయలో సింగరేణి బొగ్గు ఉన్న రాళ్లలోనే ఇసుకరాయి, షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన, నీరు సులువుగా దిగని రాయి) ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎత్తున బయటపడ్డ ఇసుకరాయిలోకి వాన దిగి, పల్లానికి వచ్చేసరికి షేల్ కింద ఒత్తిడితో ఇరుక్కుంటుంది. మీ వియ్యంకుడి బోరు ఆ షేల్‌ను పొడిచింది, నీరు తన్నుకొచ్చింది.

మీది గ్రానైట్. మీ బోరు వేసిన రోజు గుర్తుతెచ్చుకోండి. మొదట ఎర్రటి మొరం వచ్చి ఉంటుంది. గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించి ఉంటారు. తర్వాత బూడిదరంగు దుమ్ము. ఒకచోట దుమ్ము ఆగి, తుప్పు మరకలున్న రాతిముక్కలతో నీళ్లు పడి ఉంటాయి. అదే పగులు. కానీ పగులు దారి మాత్రమే. నిల్వ ఉండేది పైనున్న మొరంలో. బంకమన్ను తక్కువున్న మొరం 10 మీటర్ల మందాన తడిసి ఉంటే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు నీరు ఇస్తుందని మా లెక్క. అంతే మందం ఇసుక 160 ఇస్తుంది. పగుళ్లు లేని గట్టిరాయి మూడు కూడా కష్టమే.

గ్రానైట్‌లో పనికొచ్చే పగుళ్లు ఎక్కువగా 100 మీటర్ల లోపే, అంటే మీ బోరు ఉన్నంత లోతులోనే ఉంటాయి. అదృష్టం కొద్దీ 800 అడుగుల్లో ఒకటి తగిలినా, దానికీ ఆ మొరం నుంచే నీరు రావాలి. చాలా కుటుంబాలు బోర్ల అప్పుల్లో మునిగింది ఇది ఎవరూ చెప్పకనే.

మీ దగ్గర్లో పాత బావి ఉంటే, ఏప్రిల్‌లో తాడు వేసి నీటిమట్టం ఎంత లోతుందో కొలవండి. మట్టం మొరం దాటి గట్టిరాయిలోకి దిగిపోయి ఉంటే కొత్త బోరు మాట మరిచిపోండి. యాసంగిలో వరి తగ్గించి ఆరుతడి పంట వేయండి, చెరువు పూడిక తీయించమని ఊళ్లో పట్టుబట్టండి. ఆ కొలతతో పాటు మీ కేసింగ్ పొడవు కూడా రాసి పంపండి. ఇంకుడుగుంత ఎంత లోతు తవ్వాలో చెబుతాను.