వలస పాలన నాటి దక్షిణ కరోలినా తోటల్లో బానిసల రోజు ఎలా గడిచేది?

అమెరికా దక్షిణాది అనగానే పత్తి గుర్తొస్తుంది గానీ, 1700ల్లో అక్కడ డబ్బంతా వరిదే. తర్వాత నీలిమందు. చార్లెస్టన్ రేవు నుంచి బియ్యం ఓడల్లో యూరప్‌కు వెళ్లేది.

పొలంలో మనిషికి ఇంత పని అని కొలిచి ఇచ్చేవారు. కలుపు తీతకైతే రోజుకు సుమారు పావు ఎకరం. మోకాళ్ల లోతు బురద, పైన ఎండ, దోమలు. అది ముగిస్తే మిగిలిన పొద్దు వాళ్లది. అదేమీ దయ కాదు, తిండికి కూరగాయలు వాళ్లే పండించుకోవాలిగా! కోతలయ్యాక అసలు నరకం మొదలు: చెక్క రోట్లో రోకలితో దంచడం, అల్లిన చేటలతో చెరగడం. ఆ చేటల అల్లిక పశ్చిమాఫ్రికా నుంచి వాళ్లు తెచ్చుకున్నదే. మలేరియా రోజుల్లో చాలామంది యజమానులు మాత్రం పట్నానికి చెక్కేసేవారు.

1739లో స్టోనో నది దగ్గర తిరుగుబాటు జరిగింది. మరుసటి ఏడు వచ్చిన చట్టం బానిసలకు రాయడం నేర్పడాన్ని కూడా నేరం చేసింది.