కారుతో వచ్చిన నావిగేషన్‌కి మళ్లీ డబ్బు పోయాలా?

ప్రశ్న: మాది గాజువాక. ఈ మధ్యే డాలస్ వచ్చాను. 2016 మోడల్ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. అందులో కంపెనీ నావిగేషన్ ఉంది గానీ కొత్త రోడ్లు చూపించదు, ఒక్కోసారి కారు పొలాల్లో పోతున్నట్టు చూపిస్తోంది. మ్యాప్ అప్‌డేట్‌కి 180 డాలర్లు అడుగుతున్నారు. చేయించమంటారా అన్నయ్యా?

జవాబు: ఇప్పుడే చేయించకు తమ్ముడూ. జీతం చేతికొచ్చిన కొత్తలో ఎవరు ఏమన్నా కార్డు గీకెయ్యడం మనవాళ్లందరికీ ఉన్న జబ్బే. ఆ 180 డాలర్లు గాజువాకలో మీ ఇంటి నెల వెచ్చాలకి సరిపోతాయి. నువ్వు కొనే మ్యాప్ కూడా నెలల కిందట సేకరించినదే, కారులో ఎక్కిన రోజు నుంచీ మళ్లీ పాతబడుతూనే ఉంటుంది. జేబులో ఫోను ఆ పని ఊరికే చేసిపెడుతోంది కదా.

ముందు ఆ తెరకి కార్‌ప్లే గానీ ఆండ్రాయిడ్ ఆటో గానీ ఉందేమో చూడు, అంటే ఫోన్లోని మ్యాప్‌ని కారు తెరమీద చూపించే ఏర్పాటు. ఇవి 2014, 2015 ప్రాంతంలో మొదలయ్యాయి కాబట్టి 2016 కార్లలో కొన్నిటికి ఉంటాయి, కొన్నిటికి ఉండవు. కేబుల్ పెట్టినా రాలేదంటే వెంటనే లేదనుకోకు. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్‌తో అది రాదు, పైగా రెండు మూడు యూఎస్‌బీ పోర్టులుంటే డేటా వెళ్లేది సాధారణంగా ఒక్కదాంట్లోనే. అసలు లేకపోతే ఇరవై డాలర్లలో ఫోన్ స్టాండు వస్తుంది. అద్దానికి అతికించొచ్చో లేదో మీ రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకో.

అలాగని కారులో ఉన్నదాన్ని మూలన పడెయ్యకు. దానికి ఫోన్ టవరుతో పనిలేదు. కొండల్లో, పెద్ద పార్కుల్లో సిగ్నల్ పోయినప్పుడు అక్కరకొచ్చేది అదే.

పొలాల్లో పోవడం సంగతి. జీపీఎస్ నీ కారు ఉన్న చోటుని కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది. ఆ చోటుని తన దగ్గరున్న మ్యాప్‌లో దగ్గరి రోడ్డుకి అతికించడం కారు చేసే పని. రోడ్డే మ్యాప్‌లో లేకపోతే నువ్వు పొలంలో ఉన్నట్టే. డాలస్ ఉన్న టెక్సస్‌లో ఇంకో తిరకాసుంది. ఫ్రీవేని ఆనుకునే ఫ్రంటేజ్ రోడ్డు, అంటే మన సర్వీసు రోడ్డు లాంటిది, పోతుంటుంది. మన విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కావో కింద నుంచి వెళ్తున్నావో పోల్చుకోలేనట్టే, ఇక్కడా రెండిట్లో ఎందులో ఉన్నావో దానికి తెలీదు. ఎగ్జిట్ దిగిపోయాక కూడా ఎగ్జిట్ తీసుకోమంటుంది. వేగ పరిమితి 45 ఉన్న చోట తెరమీద 70 చూపిస్తుంది. ఆ అంకె మ్యాప్‌లోంచి వచ్చింది, రోడ్డుపక్క బోర్డు చెప్పిందే లెక్క. దారి తప్పితే గీతలు దాటి అడ్డంగా దూసుకుపోకు. తర్వాతి ఎగ్జిట్ దిగితే చాలాచోట్ల వంతెన కింద యూటర్న్‌కి విడిగా లేన్ ఉంటుంది.

ఇంకో మాట, ఎగ్జిట్ ముందు అది చెప్పే "క్వార్టర్ మైల్" అంటే సుమారు 400 మీటర్లు. 65 మైళ్ల వేగంలో 14 సెకన్లలో అయిపోతుంది. అది వినపడేసరికే నువ్వు ఎగ్జిట్ వైపు లేన్‌లో ఉండాలి.

ఇక డబ్బు నిజంగా కారిపోయే చోటు టోల్. చాలా కార్లు కొన్నప్పటి నుంచీ "ఫాస్టెస్ట్ రూట్" మీదే ఉంటాయి. రూట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "అవాయిడ్ టోల్స్" పెట్టు. ఫోన్లో విడిగా మళ్లీ పెట్టాలి, ఒకదాని మాట ఇంకోదానికి తెలీదు. మ్యాప్ వచ్చాక కట్టిన టోల్ లేన్లు మాత్రం కారుకి తెలియవు, కాబట్టి బోర్డులు చదువుతూనే ఉండాలి. మన హైవే మీదలా గేటు, క్యూ, ఫాస్టాగ్ చప్పుడు ఇక్కడ చాలాచోట్ల ఉండవు. పైన కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, బిల్లు రిజిస్ట్రేషన్‌లో ఉన్న చిరునామాకి పోస్టులో వెళ్తుంది. సెకండ్ హ్యాండ్ కారుకి పేరు, అడ్రసు మారకపోతే ఆ కాగితం ఎవరింటికో పోతుంది, నీకు తెలిసేసరికి ఆలస్య రుసుములు మీదపడి ఉంటాయి. డాలస్‌లో మన ఫాస్టాగ్ లాంటి టోల్‌ట్యాగ్ తీసుకో. ప్లేటు ఫొటో బిల్లు కంటే ట్యాగ్‌తో చవక, హ్యూస్టన్‌లోనూ పనిచేస్తుంది.

అలాగని ప్రతి టోలూ తప్పించుకుంటే మిగిలేదేమీ ఉండదు. గ్యాలన్‌కి 25 మైళ్లిచ్చే కారుతో మూడు డాలర్ల టోల్ కోసం 25 మైళ్లు చుట్టు తిరిగితే, పెట్రోలు రూపంలో ఆ మూడు డాలర్లూ ఎలాగూ పోతాయి.

అడ్రసు కొట్టడంలో మన విశాఖ అలవాటు పనికిరాదు. సిరిపురం దాటాక దత్ ఐలాండ్ ఎదురు సందు అంటే మనకి చాలు, దీనికి చాలదు. నార్త్, సౌత్, డ్రైవ్, కోర్ట్, లేన్ అన్నీ సరిగ్గా పడాలి. ఊరి పేరు కొడితే వీధి దొరకడం లేదా? ఉత్తరాల్లో రాసే ఊరు, మ్యాప్‌లో ఉన్న ఊరు ఒకటి కాకపోవచ్చు, జిప్ కోడ్‌తో వెతుకు. కారు కదిలాక కీబోర్డు చాలా కార్లలో పనిచెయ్యదు, పక్క సీట్లోవాళ్లు కొట్టినా అంతే. దారి కాగితం మీద ప్రింటు తీసుకుని తిరిగిన బ్యాచ్ మాది, మీకు ఈ పాటి ఓపిక లేకపోతే ఎలా!

ట్రాఫిక్ రంగులు రావడం లేదని ఇంకో చందా అంటగడతారు. ఇక్కడ 2022లో పెద్ద ఫోన్ కంపెనీలు 3జీ ఆపేశాయి, దాని మీద నడిచే పాత కార్ల సేవలు అప్పుడే పోయాయి. మీ కారుకి ట్రాఫిక్ సమాచారం దేని ద్వారా వస్తుందో అడిగి, ఆ తర్వాతే కార్డు తియ్యి.

అన్నీ విన్నాక కూడా మ్యాప్ కావాలంటే, కారు గుర్తింపు సంఖ్య, అదే 17 అక్షరాల విన్ నంబరుతో తయారీదారు సైట్‌లో చూడు, కొన్నిటికి ఉచితంగానే దొరుకుతుంది. మ్యాప్ ఎక్కించే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటేనే పాత యూనిట్లు ఎక్కువగా చదువుతాయి. 64 జీబీ డ్రైవు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తుంది, అందుకే 32 జీబీది కొనుక్కో. ఎక్కించడానికి గంట పైనే పట్టొచ్చు, ఇంజన్ ఆన్‌లో ఉంచమంటారు. ఆ పని మూసిన గరాజులో చెయ్యకు, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం పోతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాడిన మ్యాప్ ఎస్‌డీ కార్డుల జోలికీ వెళ్లకు, కొన్ని మొదట పెట్టిన కారుకే తాళం పడి ఉంటాయి.

పాత ఓనరు "హోమ్" అడ్రసు, జతచేసిన ఫోన్ల వివరాలు ఇంకా అందులోనే ఉండి ఉంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. "హోమ్" దగ్గర నీ ఇల్లు పెట్టకు, వీధి చివరి పెట్రోలు బంకు పెట్టు. గరాజు తలుపు తెరిచే రిమోట్ కారులోనే ఉంటుంది కదా, కారు ఎత్తుకుపోయినవాడికి ఇంటి దారి కూడా చూపించడం దేనికి?